చక్రం కింద రాయి

మొన్నొక ఆదివారం పొద్దున్నే మా అమ్మాయి నన్ను హైటెక్ సిటీలో టిఫిను తిందామని లాక్కెళ్ళింది. సెలవు రోజు కదా, రోడ్లు ఖాళీగా ఉన్నాయి. ఒక అద్దాల బిల్డింగు ముందు పాత కార్ల వాళ్ళందరూ చేరారు. కార్లన్నీ తుడిచి, మెరిపించి, వరసగా నిలబెట్టారు. వాటిలో గుండ్రటి ముక్కుది, మీగడ రంగు కారొకటుంది. దాని తాలూకు కుర్రాడు, చెవికి పోగూ చేతినిండా పచ్చబొట్లూనూ, అటూ ఇటూ చూసి, ఎవరూ చూడట్లేదనుకుని, ఒక ఇటుకముక్కని కాలితో చక్రం కిందికి తోశాడు.

నాకు నవ్వాగలేదు. పైకే నవ్వేశాను.

"హ్యాండ్‌బ్రేకు పట్టదా బాబూ?"

పాపం, వాడి మొహం ఎర్రబడింది. "పట్టదాంటీ. కేబుల్ మార్పించా, బ్రేక్ షూలు మార్పించా, వీడియోలు చూసి నేనే ఊడదీసి బిగించా. నాలుగు రోజులు బాగుంటుంది, మళ్ళీ మామూలే."

"ఇటుక నలిగిపోతుంది నాయనా, రాయి పెట్టుకో. చక్రాలు ఫుట్‌పాత్ వైపు తిప్పి ఆపు. గేర్లోనే వదిలెయ్, కానీ గేర్ని మాత్రం నమ్ముకోకు."

వాడు నోరెళ్ళబెట్టాడు. మా అమ్మాయైతే టిఫిను సంగతే మర్చిపోయింది. "అమ్మా, నీకు ఆటోమేటిక్ తప్ప నడపడం రాదు కదే! ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నావ్?" అంది.

ఎక్కడేమిటి! మా ఇల్లు నడిచిందే ఒక హ్యాండ్‌బ్రేకు చుట్టూ. ఇడ్లీ చల్లారిపోతున్నా సరే, దానికి మొత్తం చెప్పాను. అదే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

మాది కోస్తా. నాన్నకి ఇక్కడ గవర్నమెంటు ఉద్యోగం వస్తే చందానగర్‌లో, బొంబాయి హైవేకి కాస్త ఎగువన, అప్పుడప్పుడే లేస్తున్న కాలనీలో అద్దెకి దిగాం. మా వీధి మొత్తం ఏటవాలు. సగం ఇళ్ళు, సగం బండరాళ్ళు. వానొస్తే మా గుమ్మం ముందునుంచి నీళ్ళు హైవే దాకా పరుగెత్తేవి. ఇంట్లో అమ్మా, నాన్నా, నానమ్మా, నేనూ. అమ్మ గవర్నమెంటు బడిలో టీచరు.

నాన్న ఆఫీసులో ఒక పెద్దాయన రిటైరై సొంతూరు వెళ్ళిపోతూ తన పాతకారు నాన్నకి అప్పజెప్పి వెళ్ళాడు. "బండికేం, బ్రహ్మాండంగా నడుస్తుంది. నిలబడ్డమే కొంచెం కష్టం" అన్నాట్ట. నాన్న అది హాస్యమనుకుని ఆయనతో పాటు నవ్వాడు.

ఆ కారు హ్యాండ్‌బ్రేకు ఇప్పటి వాటిలా సీట్ల మధ్యన ఉండేది కాదు. డ్యాష్‌బోర్డు కింద గొడుగు పిడిలా వంకీ తిరిగి ఉండేది. దాన్ని లాగితే కిర్రుకిర్రుమంటూ బారెడు బయటికొచ్చేది. హమ్మయ్య, పట్టిందనుకుని నాన్న దిగి తలుపేసేవాడు. బండి కూడా ఆయన్ని సాగనంపడానికన్నట్టు మెల్లగా వెనకాలే కదిలేది. "ఓరి దేవుడా, ఆగవే!" అంటూ నాన్న మళ్ళీ లోపలికి దూకడం వీధి వీధంతా చూసేది. గేర్లో పెట్టినా అంతే. ముసలి ఇంజను, దానికి పట్టు లేదు, ఏటవాలులో ఇంచీ ఇంచీ జారిపోయేది. పోనీ చదునుగా ఉన్నచోట పెట్టుకుందామా అంటే బ్యాటరీ కూడా అంతంత మాత్రమే. పల్లంలో దొర్లిస్తే గానీ ఇంజను అందుకునేది కాదు. స్టార్టవ్వాలంటే పల్లం కావాలి, పల్లంలో ఆగాలంటే బ్రేకు కావాలి. మా నాన్న తల ప్రాణం తోకకొచ్చేది.

హైవే పక్కన రేకుల షెడ్డులో ఒక మెకానిక్ చాచా ఉండేవాడు. షెడ్డు నిండా గ్రీజు వాసన, దానిమీద పక్క హోటల్లోంచి వచ్చే చాయ్ వాసన. ఆ రెండూ కలిసి ఎక్కడ తగిలినా నాకు ఇప్పటికీ ఆదివారమే గుర్తొస్తుంది. చాచా మాటలు కోటలు దాటేవి. కారు కిందనించి మొహం బయటపెట్టి, "జర ఫికర్ చెయ్యకుండ్రి సార్. కేబుల్ గట్టిగ గుంజిన. ఇగ గుట్ట మీద నిలబెట్టినా కదలది. కదిలితే నా పేరు మార్చుకుంట" అనేవాడు.

"ఈపాటికి నీకు సహస్రనామాలు అయ్యుండాలి కదయ్యా" అనేవాడు నాన్న.

ఒకసారి చాచా నిజంగానే గట్టిగా గుంజాడు. ఎంత గట్టిగా అంటే ఆ బ్రేకు మళ్ళీ వదల్లేదు. అది తెలియక లింగంపల్లి దాకా వెళ్ళాం. దారంతా మాడు వాసన. "ఎవరింట్లోనో పోపు మాడుతోందిరా, ఆ ఇల్లాలు ఎక్కడ కబుర్లు చెబుతోందో ఏమో!" అని నానమ్మ విసుక్కుంటూనే ఉంది. దిగి చూస్తే మాడుతున్నది మా వెనక చక్రమే. చాచా దాన్ని ఊడదీసి, పెట్రోలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, "గిప్పుడు చూడుండ్రి సార్" అన్నాడు. మళ్ళీ మామూలే. అయినా నాన్నకి ఆయనంటే ఇష్టం. నాకూ ఇష్టమే. వెళ్ళినప్పుడల్లా ఉస్మానియా బిస్కట్టు చాయ్‌లో ముంచి ఇచ్చేవాడు.

అలా మా ఇంట్లోకి రాయి వచ్చింది. ఇవాళ ఆకాశాన్నంటే మేడలున్న ఆ పుప్పాలగూడ దారంతా అప్పుడు గుట్టలే. అక్కడ రాళ్ళు కొట్టేవాళ్ళుండేవారు. ఒక ఆదివారం షికారుకెళ్ళినప్పుడు నానమ్మ ఆ రాళ్ళ కుప్ప దగ్గర కూచుని, వంకాయలు ఏరినట్టు ఒక్కొక్కటీ తిప్పి చూసి, ఒకటి తీసింది. ఒక అంచు పల్చగా, ఇంకో అంచు మందంగా ఉంది. చక్రం కిందికి దూర్చగానే సరిగ్గా అతుక్కుపోయింది. ఆ రోజునుంచి వెనక సీట్లో నానమ్మ కాళ్ళ దగ్గర దాని చోటు దానిదే. దాంతో నేను చాటుగా బాదంకాయలు కొట్టుకుని పప్పు తినేదాన్ని. దొరికితే వీపు విమానం మోతే. "కారుని కాసే రాయే అది! నీ తిండికి దాని అంచు విరిగితే మీ నాన్నని నిలబెట్టాలా చక్రం కింద?" అని నానమ్మ కేకలేసేది.

ఇదంతా బాగానే ఉంది. కారు మాత్రం ఆదివారాల్లోనే కదిలేది. నాన్న ఆఫీసుకి స్కూటరు మీదే వెళ్ళేవాడు.

ఆ ఏడు అమ్మకి పుప్పాలగూడ అవతల ఒక ఊరి బడికి బదిలీ అయింది. బస్సు మెయిన్ రోడ్డు మీద దింపేసి పోయేది. అక్కడినుంచి ఎండలో, రాళ్ళ దారిలో, చెప్పులరిగేలా నడక. సాయంత్రం ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టేవేళ దాటిపోయేది. వానల్లో ఒకసారి జారిపడి మడమ వాచిపోయింది. నానమ్మ దానికి ఉప్పు కాపడం పెడుతుంటే నాన్న గుమ్మంలో నిలబడి, "ఇక చాలు. దసరా సెలవులయ్యాక మానేసెయ్. నా జీతం లేదా మనకి?" అన్నాడు.

అమ్మ తలెత్తలేదు. "ఇంటి ముందు కారుంది కదండీ" అంది.

అమ్మకి కారు నడపడం వచ్చు. నాన్నే సరదాకి ఆ గుట్టల మధ్య నేర్పాడు. లైసెన్సు కూడా తీసుకుంది. ఒక్కర్తీ తీసుకెళ్తానంటే మాత్రం నాన్న ససేమిరా అనేవాడు. "ఎత్తు మీద ఆగాల్సి వస్తే? నువ్వు బ్రేకు మీంచి కాలు తీసి యాక్సిలరేటరు తొక్కేలోపు బండి వెనక్కి జారుతుంది. వెనకాల లారీ ఉంటే ఏమవుతావ్? ముందు ఆ హ్యాండ్‌బ్రేకు బాగవనీ."

"అది ఎప్పటికి బాగవుతుందండీ?"

మా చాచా సంగతి ఇద్దరికీ తెలిసిందే. నాన్న చెడ్డవాడు కాదు, ఆయనకి భయం. కానీ ఆ భయానికి అమ్మ ఉద్యోగం పోయేలా ఉంది. ఆ వారమంతా కూరల్లో ఉప్పు తగ్గింది, ఎవరూ అడగలేదు.

దసరా వచ్చింది. మా ఇంట్లో ఆయుధపూజ అంటే నానమ్మ రాజ్యం. పొద్దున్నే వంటింట్లోంచి పులిహోర వాసన, నేతిలో వేగుతున్న జీడిపప్పు వాసన. వాకిట్లో పీటల మీద నాన్న పానాలు, స్క్రూడ్రైవర్లు, అమ్మ కుట్టుమిషను చక్రం, కత్తిపీట, ఇస్త్రీపెట్టె, అన్నిటికీ పసుపూ కుంకుమా. నాన్న కారు కడిగి, గేరు తీసి కాస్త ముందుకీ వెనక్కీ తోస్తూ చక్రాలు తుడిచి, ముక్కు పల్లం వైపు ఉండేలా పెట్టి రాయి దూర్చాడు. గేరు సంగతి మర్చిపోయాడు. బానెట్టు మీద బంతిపూల దండ, చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టాం.

నానమ్మ అమ్మని పిలిచింది. "అమ్మాయ్, ఈసారి నిమ్మకాయలు నువ్వు తొక్కించు. ఎప్పుడూ వాడేనా?"

నాన్న ఏదో అనబోయి, రెండడుగులు దొర్లించడమే కదా అనుకున్నాడో ఏమో, ఊరుకున్నాడు. అమ్మ తలంటుకుని, కాళ్ళకి పసుపు రాసుకుని, చెప్పుల్లేకుండా వచ్చి స్టీరింగు ముందు కూచుంది. నేను గబగబా పక్క సీటెక్కాను. హారతి వెలిగించడమే తరువాయి.

అప్పుడు నానమ్మ చూపు రాయి మీద పడింది.

"అయ్యో నా మతి మండా! ఏడాది పొడుగునా కారుని కాసింది ఇదే కదా, దీనికి పూజ మర్చిపోయానేమిటీ!" అంటూ వంగి, చక్రం కిందనించి రాయి లాగేసి, తీసుకెళ్ళి కుళాయి కింద కడగడం మొదలుపెట్టింది.

నాన్న అప్పుడు కొబ్బరికాయ పీచు తీస్తున్నాడు, చూడలేదు. నిమ్మకాయలు కాసేపు ఆపాయి, పాపం. తర్వాత పుచుక్కున చితికిపోయాయి.

"ఏమండీ... కారు కదులుతోందండీ!"

అమ్మ వంకీ పట్టుకుని లాగింది. అది కిర్రుకిర్రుమంటూ బారెడు వచ్చింది, బండి మాత్రం పోతూనే ఉంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. అమ్మ కాలిబ్రేకు గట్టిగా తొక్కింది. పక్కింటి వాళ్ళ కంకర కుప్పకి కాస్త ఇవతల ఆగాం. ఆగాం గానీ, అమ్మ కాలు తీయడానికి లేదు.

నాన్న కొబ్బరికాయ చేత్తోనే పట్టుకుని పంచె కాళ్ళకి తట్టుకుంటుంటే పరిగెత్తుకొచ్చాడు. "కాలు తియ్యకు! తియ్యకు! అమ్మా, రాయి! రాయి తే!"

నానమ్మ ఆపాటికి రాయిని పీట మీద పెట్టి బొట్లు పెట్టేసింది. "తేవడమేమిట్రా? పూజలో కూర్చోబెట్టాను. హారతివ్వకుండా, ఉద్వాసన చెప్పకుండా కదపొచ్చా?"

"కారు పోతుందే!"

"పోదు. మీ ఆవిడ తొక్కిపెట్టింది కదా. మంత్రం సగంలో ఉంది, ఉండు."

"నా పెళ్ళాం పిల్లా అందులో ఉన్నారమ్మా!"

"ఉన్నారు గనకే పూజ సగంలో ఆపకూడదంటున్నాను!"

నాన్న వేరే రాయి కోసం వెతికాడు. చుట్టూ రాళ్ళే. ఒకటేమో ఎత్తలేనంత, ఇంకోటేమో చక్రం కింద గులకరాయంత. వీధిలోవాళ్ళు గుమ్మాల్లోకొచ్చి తలా ఒక సలహా పారేస్తున్నారు. నాన్న తల్లి వైపూ పెళ్ళాం వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆయన చేతిలో కొబ్బరికాయ ఇంకా అలానే ఉంది.

అమ్మ కిటికీలోంచి తల బయటికి పెట్టింది. "మీ పూజ నిదానంగా కానివ్వండి అత్తయ్యగారూ. నేనొక చుట్టు తిరిగొస్తాను."

"ఏమిటీ?" అన్నాడు నాన్న.

ఆ మాటకి బదులుగా అమ్మ బ్రేకు మీంచి కాలు తీసింది. బండి దొర్లింది, అమ్మ రెండో గేరేసి క్లచ్చి వదిలింది, ఇంజను దగ్గి, తుమ్మి, అందుకుంది. నేను వెనక్కి తిరిగి చూస్తే నాన్న వీధి మధ్యలో నిలబడిపోయి ఉన్నాడు.

హైవే దాకా బాగానే వెళ్ళాం. బంతిపూలు రాలుతున్నాయి. తిరిగి మా కాలనీకి ఎక్కే దారి ఉంది చూశారూ, అసలు పరీక్ష అక్కడ. ఎత్తు మధ్యలో ఎప్పటిలాగే గేదెల మంద అడ్డం వచ్చింది. అమ్మ ఆపింది. వెనకాల ఇసుక లారీ వచ్చి ఆగింది. అచ్చంగా నాన్న చెప్పినట్టే అయింది. లారీవాడు హారన్ మోగిస్తున్నాడు. గేదెలు వాటి తీరికలో అవి దాటాయి.

నేను ఏడుపు మొదలెట్టాను. "నోర్ముయ్యవే, నన్ను ఆలోచించుకోనీ" అంది అమ్మ. తర్వాత కుడికాలు అడ్డంగా తిప్పింది. మడమ బ్రేకు మీదే ఉంచి, వేళ్ళతో యాక్సిలరేటరు నొక్కింది. ఆ పసుపు రాసిన పాదం నా కళ్ళకి కట్టినట్టుంది ఇప్పటికీ. ఇంజను గట్టిగా అరిచింది, అమ్మ క్లచ్చి కొంచెం కొంచెం వదిలింది, బండి వణికింది, కాస్త వెనక్కి జారింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ముందుకు వెళ్తున్నాం.

అమ్మ పగలబడి నవ్వింది. అమ్మ అలా నవ్వగా నేనంతకు ముందు చూడలేదు. "చెప్పుల్లేవు గనక సరిపోయిందే!" అంది.

ఇంటికొచ్చేసరికి నాన్న వీధి చివరే ఎదురొచ్చాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు. నానమ్మ హారతి పళ్ళెంతో సిద్ధంగా ఉంది. "వచ్చారా? నిమ్మకాయలు ఎలాగూ తొక్కేసింది, ఇక కొబ్బరికాయ కొట్టరా" అంది, ఏమీ జరగనట్టే. రాయి తీసినందుకు ఆవిడ ఎప్పుడూ తప్పు ఒప్పుకోలేదు. పైగా, ఆ రాయికి పూజ చేశాను గనకే మీరు క్షేమంగా తిరిగొచ్చారని బతికినన్నాళ్ళూ అంటూనే ఉంది.

పులిహోర తింటూ నాన్న అడిగాడు. "గేదెలేమైనా అడ్డం వచ్చాయా?"

"వచ్చాయండీ."

"లారీ?"

"అదీ వచ్చింది."

నాన్న ఇంకో రెండు ముద్దలు తిన్నాడు. "సెలవులయ్యాక బండి తీసుకెళ్ళు" అన్నాడు.

బడి తెరిచిన రోజు అమ్మతో నేనూ వెళ్ళాను, మా బడి ఇంకా తెరవలేదు. నాన్నే చక్రం కిందనించి రాయి తీశాడు. గుట్టల దారంతా సీతాఫలాల వాసన, ఆడవాళ్ళు గంపలు పెట్టుకుని అమ్ముతున్నారు. అమ్మ ఒక గంప దగ్గర ఆపబోయి, ఆపితే మళ్ళీ దొర్లించాలని గుర్తొచ్చి, ఊరుకుంది. బడి ముందూ ఏటవాలే. అమ్మ ఆపి, "రాయి తియ్యవే" అంది. వెనక సీటు కింద చూశాను. లేదు. అది నాన్న చేతిలోనే ఉండిపోయింది!

అమ్మ బ్రేకు తొక్కి కూచుంది. పిల్లలు మూగారు. సంగతి తెలియగానే తలా ఒక రాయి మోసుకొచ్చారు. "నాది పెట్టుండ్రి టీచర్, నాది పెట్టుండ్రి" అని ఒకటే గోల. చక్రాల చుట్టూ చిన్నసైజు గోడ లేచింది.

అమ్మ రిటైరయ్యేదాకా ఉద్యోగం చేసింది. ఆ హ్యాండ్‌బ్రేకు ఏనాడూ బాగవలేదు. ఆ బడి ఉన్న చోట ఇవాళ ఏ టవరుందో నేను చెప్పలేను. నేను చదువుకున్నదీ, నా కాళ్ళ మీద నేను నిలబడ్డదీ, ఎత్తు మీద ఆగిపోయినప్పుడల్లా ఏదో ఒకటి ఆలోచించుకోవడం నేర్చుకున్నదీ అమ్మని చూసే. నాన్నకి కూడా అంతే ఋణపడి ఉన్నాను. అది బడి తెరిచిన ఆ రోజు మధ్యాహ్నం చూసినదాని వల్ల.

భోజనాల వేళకి గుట్టల్లోంచి నాన్న స్కూటరు వచ్చింది. ఆఫీసులో సగం పూట సెలవు పెట్టాట్ట. మనిషంతా దుమ్ము. కాళ్ళ దగ్గర, గోనెగుడ్డ మీద, కుంకుమబొట్టుతో మా రాయి.

అమ్మకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. "దారంతా రాళ్ళే కదండీ! రాళ్ళలోంచి రాయి మోసుకొచ్చారా?"

"అవేవీ సరిగ్గా పట్టవు" అన్నాడు నాన్న.

ఆఫీసు ప్యాంటుతోనే మట్టిలో మోకాళ్ళేసి, పిల్లల రాళ్ళన్నీ జాగ్రత్తగా పక్కన పెట్టి, మా రాయిని దూర్చి, బూటుతో తన్ని, భుజంతో కారుని తోసి చూశాడు. బడి గంట కొట్టే తాత పక్కనే నిలబడి అదంతా చూస్తున్నాడు.

"మంచిగుంది సారూ కారు. మీదేనా?"

నాన్న లేచి చేతులు దులుపుకున్నాడు.

"కాదు తాతా. మీ టీచరమ్మది."

అమ్మ అరుగు మీదే ఉంది, విన్నది. తన క్యారియరు తెచ్చి, కారు ముందు సీట్లో ఆయన్ని కూర్చోబెట్టి, పెరుగన్నంలో సగానికి పైగా ఆయనకే పెట్టింది.